గంజి పెట్టిన కేబులు

కర్నూలులో మా ఇంటి పక్క సందులో ఇస్త్రీ బండి ఉంది. పొద్దున్నే అతను గంజి పెట్టిన చొక్కామీద బొగ్గుల పెట్టె ఆనించగానే ఒక ఆవిరి లేస్తుంది. ఆ వాసన తగిలితే కొందరికి ఆఫీసు గుర్తొస్తుంది, కొందరికి పెళ్లిళ్లు గుర్తొస్తాయి, నాకు మాత్రం రేడియో గుర్తొస్తుంది. నలుగురిలో చెప్పుకునే మాట కాదని తెలుసు. అందుకే రాస్తున్నాను, రాసేటప్పుడు ఎదురుగా కూర్చుని నవ్వేవాళ్లుండరు.

ఎమ్మిగనూరులో మాది నేతగాళ్ల వీధి. చలికాలం తెల్లవారుజామున, ఇళ్లల్లో జొన్నరొట్టెలు తట్టే చప్పుడు ఇంకా మొదలుకాక ముందే, వీధి ఈ కొసనుంచి ఆ కొసకు పడుగులు, అంటే మగ్గానికెక్కే నిలువు దారాలు, సాచి, కత్తెరలా కట్టిన కర్రలమీద వాటిని నిలబెట్టి, అటొకరు ఇటొకరు పొడుగాటి కుంచెలతో గంజి తోముకుంటూ వెనక్కీ ముందుకూ నడిచేవారు. పొద్దు పొడిచి ఆ దారాలు ఆరేదాకా మా వీధిలోకి ఎద్దులబండి రాకూడదు, పెళ్లి ఊరేగింపు రాకూడదు, ఒకసారి తహసీల్దారు జీపు కూడా హారను కొట్టీ కొట్టీ వెనక్కి పోయింది. పిల్లలం మాత్రం పడుగు కింద వంగి ఈ పక్కనుంచి ఆ పక్కకు దూరే ఆట కనిపెట్టాం. వీపు దారానికి తగలకుండా దాటితే గెలిచినట్టు, తగిలితే అదే వీపుకు కుంచె తగిలేది. ఆట ముగిసేసరికి ఇంటింటా ఉగ్గాని తాలింపు, మిరపకాయ బజ్జీల నూనె, వాటన్నిటి అడుగున పుల్లటి గంజి వాసన. దసరాకు ఓళిగలు కాల్చినా, ఆ నేతికీ బెల్లానికీ గంజిని గెలిచే సత్తా ఉండేది కాదు.

ఆ వీధిలో మా తాత నరసప్పది పేరున్న చేయి. ఆయన అతికిన పోగు ఎక్కడ తెగిందో ఆయనే మళ్లీ చూపించలేడని అనేవారు. మనుషుల ముఖాలకంటే వాళ్ల పంచెల నేత ఆయనకు బాగా గుర్తుండేది. మా నాన్న ఈరన్న ఆయనకు ఒక్కడే కొడుకు. మగ్గం వదిలి యుద్ధంలో సిగ్నల్సు దళానికి పోయి, తిరిగొచ్చి, ఆదోనిలో ఒక పత్తి మిల్లులో కరెంటు పని చూసేవాడు. యుద్ధంలో ఏం చేసినావని వీధి పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని అడిగితే, “తీగలు సాచినా, మల్లా చుట్టినా” అనేవాడు. మా వీధిలో అది అందరూ రోజూ చేసే పనే కాబట్టి పిల్లలు లేచి వెళ్లిపోయేవారు.

అలాంటి నాన్న ఒకనాడు ప్రభుత్వం పెట్టిన పరీక్ష రాసి, ఇంట్లోంచే రేడియోలో మాట్లాడుకోవచ్చునని ఒక అనుమతి కాగితం తెచ్చుకున్నాడు. ఇలాంటి కాగితం ఉన్నవాళ్లు దేశదేశాల్లో ఉన్నారట, ఒకరు పిలిస్తే ఇంకొకరు పలుకుతారట, అదొక సరదా అట. మా మట్టి మిద్దెమీద ఇరవై అడుగుల సరుగుడు కొయ్య పాతి, మూడువైపులా జనపతాళ్లతో బిగించి, కొననుంచి రెండు రాగి తీగలు చెరోపక్కకు దించి, వాటి నడుమనుంచి చిటికెనవేలంత లావు నల్ల కేబులును గదిలోని పెట్టెదాకా తెచ్చాడు. కేబులు మద్రాసులో పాత మిలిటరీ సామాన్లు అమ్మేచోట దొరికింది. పెట్టెకు తిండి ఒక లారీ బ్యాటరీ. దాన్ని వారానికొకసారి బస్సు టాపుమీద ఆదోనికి తీసుకుపోయి చార్జి చేయించుకొచ్చేవాడు.

తాత మిద్దెక్కి కొయ్య చుట్టూ ఒకసారి తిరిగి, కింద తన మగ్గం ఎక్కడుందో లెక్క చూసుకున్నాడు.

“మిద్దెకు బొక్క పెట్టినావు. తొలివాన నేరుగా నా పడుగుమీదనే పడతాది. నీతో ఒక్క మనిషన్నా మాట్లాడేది సూపియ్యి. ఆషాఢం గాలి లేసేలోపల ఎవుడన్నా పలికినాడా, కొయ్య ఉంటాది. పలకల్యా, పీకి నా మగ్గానికి వాడుకుంటా.”

నాన్న వెంటనే ఒప్పుకున్నాడు. ప్రపంచంలో అంతమంది ఉండగా ఒక్కడు పలకడా అని ఆయన ధీమా. ప్రపంచానికి వేరే పనులున్నాయని మాకు తర్వాత తెలిసింది.

ఇక మా ఆదివారాలన్నీ మిద్దెమీదనే. జనపతాళ్లు మంచుకు తెల్లవారుజామున బిగుసుకునేవి, మధ్యాహ్నానికి వదులయ్యేవి, వాటి అలకలు తీర్చడానికి నాన్న రోజుకు రెండుసార్లు ముళ్లు విప్పి కట్టేవాడు. తీగలను పైకి లాగే గిలకకు ఆముదం పోసేవాడు. తీగ కొసలు తాళ్లకు తగలకుండా పగిలిన ఊరగాయ జాడీ ముక్కలకు బొక్కలు పెట్టి మధ్యలో కట్టాడు, గాలి వీస్తే అవి కొద్దిగా నిమ్మకాయ వాసన వేసేవి. పండగలకు అమ్మ రాగి బిందెలతోపాటు ఆ తీగలను కూడా దింపించి చింతపండుతో తోమేది. నాన్న అక్కర్లేదంటున్నా వినేది కాదు, ఊరంతటికీ కనపడే రాగి నల్లగా ఉంటే తనకు నామర్దా అనేది. ఏడేళ్ల నన్ను వీధిలో నిలబెట్టి కొయ్య నిటారుగా ఉందో లేదో చెప్పమనేవారు. నేను తల ఒకపక్కకు వాల్చి చూసేదాన్ని కాబట్టి కొయ్య ఎప్పుడూ వంగే కనిపించేది.

సాయంత్రం నాన్న పెట్టె ముందు కూర్చుని, “హలో, హలో, ఎవరైనా వింటున్నారా” అని ఇంగ్లీషులో పిలిచేవాడు. ఆ గొంతు గాలిలో ఎంతదూరం పోయేదో కాని గోడలు దాటి బాగానే పోయేది. వెనకింట్లో గిన్నెలకు కళాయి వేసే ఖాసిం తాత రోజూ ఓపిగ్గా, “వినపడతాంది ఈరన్నా, సెప్పప్పా!” అని బదులిచ్చేవాడు.

“పలికినాడు గదరా, రేడియో ల్యాకుండానే” అనేవాడు మా తాత మగ్గం గుంటలోంచి.

ఉగాది వెళ్లిపోయింది, ఎండలు ముదిరాయి. పెట్టెలో ఎవరెవరో లీలగా మాట్లాడుకోవడం మాకు వినిపించేది కాని మేము ఎవరికీ వినిపించేవాళ్లం కాము. చివరికి నాన్న కేబులంతా దింపి చేతితో తడుముకుంటూ వెతికితే, మిద్దె పిట్టగోడకు గాలికి రాసుకుని ఒకచోట పైతోలు అరిగి, లోపలి రాగి తెగి ఉంది. ఆ చోటు కోసి అరుగుమీద విప్పుకుని కూర్చున్నాడు. మధ్యలో ఒక రాగి తీగ, దానిచుట్టూ మైనంలాంటి తెల్లటి పొర, ఆ పొర చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి పోగులతో అల్లిన తొడుగు, దానిపైన నల్ల రబ్బరు.

తాత చేతులు కడుక్కోవడానికి బయటికొచ్చాడు. చేతులు కడుక్కోలేదు, అక్కడే కూర్చుండిపోయాడు.

“ఇది నేసినోడెవుర్రా?”

“మిషను అల్లుతాది నాయనా.”

“రాగితోనా?” అని తాత గోటితో ఒక్కొక్క పోగూ లేపి లెక్కపెట్టి, వరస ఎక్కడ కిందికి పోతుందో ఎక్కడ పైకొస్తుందో చూసి, ఆ మిషనును ఒకటి రెండుచోట్ల తప్పుపట్టి, చివరికి, “అతుకుతా, జరుగు” అన్నాడు. లోపలి తీగ నాన్న కలిపాడు. పైఅల్లిక తాతది. వేళ్లకు బూడిద అద్దుకుని, కొత్త పడుగు పోగులను పాతవాటికి అతికినట్టే ఒక్కో రాగి పోగునూ మెలిపెట్టి రెండు రోజులు కూర్చున్నాడు. దానిమీద నూలు దారం దగ్గరదగ్గరగా చుట్టాడు. తర్వాత కుంచె తీసుకుని బాగా గంజి పట్టించాడు.

నాన్న తారు డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు. నీళ్లు దూరకుండా తారు పూయాలని ఆయన ఉద్దేశం.

“అతికిన పోగుకు గంజి పెట్టకుండా యాడన్నా వదుల్తారా? తారు పూస్తే అది బండి ఇరుసయితాది” అన్నాడు తాత.

నాన్న తారు డబ్బా కింద పెట్టాడు. సైన్యంలో తెల్లదొరకు ఎదురుచెప్పిన మనిషని ఆయనకు పేరు. తన నాయనకు గంజి వద్దని చెప్పలేకపోయాడు. అన్నాళ్లూ ఆ పెట్టెవైపు చూడని ముసలాయన రెండు రోజులు దానికోసం కూర్చుంటే ఏ కొడుకు చెప్పగలడు? పైగా అతుకు మళ్లీ పిట్టగోడకు రాసుకోకుండా నాన్న కేబులును తిరగేసి ఆ కొసను కొయ్య కొనకు ఎక్కించిన రోజునుంచీ తాత దారిన పోయేవాళ్లను ఆపి, “ఆ పైన కనపడతాండాదే, ఆ అతుకు నాదే” అని చూపించడం మొదలుపెట్టాడు. ఇరవై అడుగుల ఎత్తులో ఉన్న అతుకు ఎవరికీ కనపడదు. అందరూ కనపడుతోందనే అన్నారు.

వారం తిరక్కుండా ఒక సాయంత్రం నాలుగు చినుకులు పడ్డాయి. గంజి నాని పులిసింది. అంతకుముందు లీలగానైనా వినిపించే మాటలు పూర్తిగా ఆగిపోయాయి. ఎర్రచీమలు కొయ్య వెంబడి బారులు తీరి పైకి పోవడం అమ్మ చూసింది, నాన్న చూశాడు, నేనూ చూశాను. తలెత్తి అతుకును మాత్రమే చూసుకునే తాత చూడలేదు.

“మామకు సెప్పరాదా?” అంది అమ్మ.

“సెప్తే ఇంక ఈ పెట్టెదిక్కు సూడడు. కొయ్య పోతే పోనీలే” అన్నాడు నాన్న. మూడేళ్లు పరీక్షకు చదివి, బ్యాటరీ మోసి మోసి భుజాన రెండు చొక్కాలు యాసిడ్‌కు బలిపెట్టిన మనిషి అన్న మాట అది. అని, ఆ రాత్రి రొట్టె సగంలో వదిలేశాడు. అమ్మ అది చూసి తన రొట్టె కూడా వదిలేసింది. నేను రెండూ తిన్నాను.

ఆషాఢం ముంచుకొచ్చింది. ఒకనాటి మధ్యాహ్నం తాత గడ్డపార అడిగాడు. మాట తప్పడం ఆయనకు రాదు, ముఖం చూస్తే పీకాలని కూడా లేదు. నాన్న గడ్డపార తెచ్చి చేతికిచ్చి తల పక్కకు తిప్పుకున్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను గడపమీద కూర్చుని వేయించిన శెనక్కాయలు బెల్లంతో నంజుకుంటున్నాను.

“తాతా, కొయ్య పీకేముందు చీమలను దింపాల. నీ అతుకుకాడ గంజి తాగతాండాయి” అన్నాను.

ఇంట్లో నేను నమిలే చప్పుడొక్కటే మిగిలింది.

తాత కేబులు దింపమన్నాడు. అతుకును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. దారం విప్పితే లోపల పచ్చగా చిలుము పట్టి, చీమలు గుడ్లతో సహా కాపురమున్నాయి.

“తెలిసి ఎన్ని దినాలైంది?” అని నాన్నను అడిగాడు.

“పది దినాలు.”

“నా పంచెలో పోగు తప్పితే ఆలూరు సంతలో ముక్కూముఖం తెలీనోడు సెప్తాడు. కొడుకువి, నువ్వు సెప్పల్యావా?”

“నొచ్చుకుంటావని...”

“నొచ్చుకుంటా. నొచ్చుకోని మల్లా అతుకుతా. అంతే గదరా!”

గడ్డపార గోడకు ఆనించి, వేడినీళ్లు పెట్టమని అమ్మకు చెప్పాడు. చిలుము పట్టినంత మేరా కోసేసి, మళ్లీ మొదటినుంచి ఒక్కో పోగూ అతికాడు. ఈసారి నాన్న పక్కన కూర్చుని, ఇది వద్దు నాయనా, అది వద్దు నాయనా అని అడ్డు చెబుతూనే ఉన్నాడు. ఒకసారి మొదలుపెట్టాక నాన్నను ఆపడం కష్టమైంది. తర్వాత ఖాసిం తాత కుంపటీ తగరమూ పట్టుకొచ్చి అతుకంతటికీ కళాయి పోశాడు.

“గంజి తాగి బతికే తీగను నా జన్మలో సూడల్యా నరసప్పన్నా” అన్నాడు పొగలోంచి.

“నీ కళాయి గిన్నెలు మూన్నెల్లకు నల్లబడతాయి, ముందు వాటిని సూసుకో.”

దానిమీద తారు. తారు మాత్రం తాతే పూశాడు, ముఖం అటు తిప్పుకుని.

మరునాటి సాయంత్రానికి గాలి లేచింది. తాళ్లు బుయ్యిమంటున్నాయి. నాన్న పెట్టె ముందు కూర్చుని పిలిచాడు. మళ్లీ పిలిచాడు. వెనకింటి ఖాసిం తాత మర్యాదకు మౌనంగా ఉన్నాడు. అప్పుడు పెట్టెలోంచి ఒక మగగొంతు, ఇంగ్లీషులో మొదలై, మాది ఎమ్మిగనూరని తెలియగానే తెలుగులోకి దిగింది. “నమస్కారం సార్, బాగా వినపడతాండారు, నేను బళ్లారి.”

నాన్న కళ్లనిండా నీళ్లు.

“బళ్లారా?” అన్నాడు తాత. “మొన్నటిదాకా మన జిల్లానే గదరా అది! కోర్టు పనికి పోయి మల్లా నాటికి ఇల్లు చేరుకుంటాంటిమి.”

“ఇప్పుడది వేరే రాష్ట్రం నాయనా.”

తాత ఆలోచించాడు. పక్కూరు కాస్తా పరాయి రాష్ట్రమైంది, రాష్ట్రాలు విడగొట్టినందువల్ల ఆయనకు కలిగిన మొదటి లాభం అది. “సరే, ఉండనీ కొయ్య” అని, లేచి పోబోతూ, “ఆయప్ప అతుకుకు ఏం పూసినాడో అడుగు” అన్నాడు.

ఆ తర్వాత సింహళం పలికింది, ఆస్ట్రేలియా కూడా పలికిందని నాన్న రాసుకున్నాడు. మా ఇంట్లో ఎవరికీ అవి గుర్తులేవు.

ఇప్పుడు మా వీధిలో పడుగు సాచేవాళ్లు లేరు. లారీలు నేరుగా లోపలికొస్తాయి, పిల్లలు వాటికింద దూరరు. మట్టి మిద్దెలమీద సిమెంటు పడింది. తాతా ఖాసిం తాతా ఒకే ఏడాది వెళ్లిపోయారు. కొయ్యను ఒక ఆషాఢంలో గాలే తీసుకుపోయింది, ఎవరికీ గడువు పెట్టకుండా.

పోయిన నెల ఊరికి పోయినప్పుడు కర్నూలుకు ట్రంకు కాల్ చేద్దామని పోస్టాఫీసులో సగం పూట కూర్చున్నాను. లైను పనిచేయడం లేదని పంపించేశారు. ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే అరవై దాటిన నాన్న గొడుగు తీసుకుని బయటికి నడిచాడు. గంట తర్వాత వచ్చాడు. పోస్టాఫీసు ముందున్న స్తంభం కింద నిలబడి పైకి చూశాడట, అతుకుకు ఎవరో గుడ్డ పీలిక చుట్టి వదిలేశారట, అందులోకి నీళ్లు దిగుతున్నాయని లైనుమనిషిని పిలిచి చెప్పాడట.

“ఏమన్నాడు?” అన్నాను.

“నీకెందుకు పెద్దాయనా అన్నాడు. నొచ్చుకున్నట్టుండాడు పాపం.” నాన్న చెప్పులు విడిచి, గొడుగు ముడిచి మూలన పెట్టాడు. ముఖం వెలిగిపోతోంది. “నొచ్చుకోనీ. రేపు పొద్దున్నే నిచ్చెన తెస్తాడు సూడు.”