మొగిలికి నేను చెప్పిన టైము

పన్నెండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. రెండు మాటల అబద్ధం. దాని బరువెంతో ఏ కాటా చెప్పలేదు. అన్నం తింటాను, నిద్ర కూడా పడుతుంది. కానీ ఎవరైనా దారిలో ఆపి టైమెంతయిందని అడిగితే మాత్రం నాకు వెంటనే జవాబు రాదు. గడియారం చేతికే ఉంటుంది. నోరే ఆగిపోతుంది.

మీకే ఎందుకు చెబుతున్నానంటే మీరు నాకు తెలియదు కాబట్టి. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యముంటే ఇంత కాగితం ఖర్చయ్యేది కాదు.

గోదావరిఖనిలో ఒక బొగ్గు బావి మీద హాజరు గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. ఎవరు డ్యూటీకి వచ్చారో, ఎవరు రాలేదో రాయడం నా పని. మస్టరు సారు అనేవారు. బయట, ఒక పార్టీకి పట్టణ కార్యదర్శిని. కార్యదర్శి అంటే కార్యాన్ని దర్శించేవాడని నా అభిప్రాయం. చేసేవాళ్లు వేరే ఉండేవారు.

పార్టీ పేరు మీకు అక్కర్లేదు. జెండా ఒకటే, వర్గాలు రెండు. మా వర్గాలకు వర్గమూలం కనుక్కోవడానికి లెక్కల మాస్టారు అవసరం లేదు, చౌరస్తాలో ఎదురెదురుగా ఉన్న రెండు టీ కొట్లను చూస్తే చాలు. ఈ కొట్టువాడు ఆ కొట్టులో గ్లాసు పట్టుకుని కనిపిస్తే, సాయంత్రానికల్లా 'అటు పోయిండట' అనేవారు. పాపం, చక్కెర తక్కువ కావాలని పోయినవాడిని కూడా.

ఆ ఏడాది పట్టణ అధ్యక్షుడి ఎన్నిక వచ్చింది. మా కొట్టు తరఫున లారీలున్న ఒక పెద్దమనిషి. అవతలి కొట్టు తరఫున రాజేశం అన్న. బావిలో దిగి పనిచేసే మనిషి, ఇరవై ఏళ్లుగా జెండా మోసినవాడు. ఆయన గెలిస్తేనే పార్టీ బాగుపడుతుందని ఊరందరికీ తెలుసు. నాకూ తెలుసు. కానీ ఎన్నికకు వారం ముందు ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, తను గెలిస్తే కార్యదర్శిగా బావిలో దిగేవాడినే పెట్టుకుంటానని, నన్ను ఏమీ అనుకోవద్దని చెప్పాడు. ఎంత మెత్తగా చెప్పాడంటే, కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు సందు దొరకలేదు. నవ్వాను. వేదిక మీద చివరి కుర్చీ నాది. ప్లాస్టిక్‌ది, ఒక చెయ్యి విరిగింది. దానికోసమా ఇదంతా అని మీరు అడుగుతారు. నేనూ చాలాసార్లు అడిగాను. అవును, దానికోసమే.

ఇక మొగిలి. రాజేశం అన్న భార్యకు తోడబుట్టినవాడు, అదే బావిలో గ్యాంగు పెద్ద. అతని కింద ఆరుగురు. మొగిలి ఎటంటే వాళ్లటు. ఏడుగురూ పార్టీ సభ్యులే. అంటే ఏడు చేతులు, ఏడూ రాజేశం అన్నకే.

చేతులెత్తి ఓటేసే మీటింగు ఆదివారం సాయంత్రం నాలుగింటికి అన్నారు. ఆదివారం బావికి సెలవు. సెలవు రోజు చేసే పనిని మేం ప్లే డే అంటాం. ఆడేదేమీ ఉండదు, మామూలు పనే, జీతం మాత్రం రెట్టింపు, డబుల్ మస్టరు. అందుకే దానికి వంతులుంటాయి. ఆ ఆదివారం మొగిలి గ్యాంగు వంతు. చిక్కేమీ లేదు. మూడింటికి పైకొచ్చి, స్నానం చేసి, నాలుగింటికి హాలుకు చేరుకోవచ్చు.

శనివారం మధ్యాహ్నం హైదరాబాదు నుంచి ఫోన్ వచ్చింది. ఎన్నిక జరిపించే పార్టీ పరిశీలకుడు సాయంత్రానికే తిరిగి వెళ్లాలట, మీటింగు పదకొండింటికి మార్చమన్నారు. ఇందులో ఎవరి కుట్రా లేదు. అందరికీ చెప్పే పని నాది. జాబితా ముందు పెట్టుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. అవతలి కొట్టు వాళ్లకు కూడా, రాజేశం అన్నతో సహా, నిజమే చెప్పాను. మొగిలి గ్యాంగు అప్పుడు బావిలో ఉంది. కిందికి ఫోన్లు తీసుకుపోనివ్వరు.

మూడు దాటాక మొగిలి నా కిటికీ దగ్గరకొచ్చాడు. మొహమంతా మసి. మీటింగు టైము మారిందని ఎవరో అనుకుంటుంటే చెవిన పడిందట. మారితే రేపటి ప్లే డేలోంచి తమ పేర్లు కొట్టెయ్యమని, రెట్టింపు జీతం పోతే పోయిందని చెప్పాడు. పదకొండు అని రాసిన కాగితం నా మోచేతి కిందే ఉంది. మారలేదు, నాలుగే, నిశ్చింతగా డ్యూటీ చేసుకుని రమ్మన్నాను. తల ఊపి వెళ్లిపోయాడు.

ముందే అనుకున్నానా? లేదనే నా నమ్మకం. కానీ నా నమ్మకాన్ని నేనెంతవరకు నమ్మాలి? అతను సైకిలు తీసుకుని గేటు దాటేదాకా చూస్తూనే ఉన్నాను కదా. పిలిస్తే వినపడేంత దూరమే.

ఆ సాయంత్రం రాజేశం అన్న ఓట్లడుగుతూ తిరిగాడు, అటూ ఇటూ ఊగేవాళ్ల ఇళ్లకు. మొగిలి ఇంటికి మాత్రం వెళ్లలేదు, ఫోనూ చేయలేదు. బామ్మర్దిని ఓటడగడమంటే అతన్ని అనుమానించినట్టే కదా. వెళ్లి ఉంటే మాటల్లో టైము సంగతి బయటపడేది, నా అబద్ధం ఆ పూటే చచ్చేది. దాన్ని బతికించింది నా తెలివి కాదు, వాళ్లిద్దరి నమ్మకం.

ఆదివారం పదకొండింటికి చేతులెత్తించారు. లెక్కపెట్టింది నేనే. రాజేశం అన్న తలుపు వైపు చూస్తూ, ఫోన్ చెవికి పెట్టుకుని తీస్తూ ఉన్నాడు. ఐదు చేతుల తేడాతో ఓడిపోయాడు. ఎత్తిన చేతుల్లో ఒక్కటి కూడా నేను తప్పు లెక్కపెట్టలేదు. ఆ నిజాయితీకి కొన్నాళ్లు గర్వపడ్డాను కూడా. మనిషికి గర్వపడటానికి ఏదో ఒకటి కావాలి.

మూడున్నరకు మొగిలి, వెనకాల అతని ఆరుగురు, ఉతికిన చొక్కాలతో వచ్చారు. డప్పులు అప్పటికే ఊరేగింపుతో వెళ్లిపోయాయి. హాలువాళ్లు కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పెడుతున్నారు. రాజేశం అన్న మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నేను పక్కనే నిలబడి తీర్మానం కాగితాలు సర్దుకుంటున్నాను.

"ఏంది బామ్మర్ది, గిప్పుడొస్తివి?" అన్నాడు రాజేశం అన్న. "పెండ్లి అయిపాయె. బువ్వకొచ్చినవా?"

మొగిలి నవ్వాడు. పరాచికమనుకున్నాడు. "ఏం పెండ్లే? నాలుగింటికి గదా మీటింగు. ఇంక అర్ధగంట ఉన్నది."

"పదకొండింటికే అయిపాయె. అయిదు ఓట్లతోని పోయిన. మీరు ఏడుగురు. డబుల్ మస్టరైతే పడ్డది గదా, ఇగ ఫికరెందుకు?"

మొగిలి మొహంలో నవ్వు ఎక్కడిదక్కడే ఆగింది. "గట్ల మాట్లాడకు బావా. నిన్న సారునడిగిన. సారే చెప్పిండు, నాలుగే అని. అడుగు, గీడనే ఉన్నడు గదా."

రాజేశం అన్న నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పినవా తమ్మీ?"

"పదకొండని చెప్పిన అన్నా," అన్నాను. "అందరికి చెప్పినట్టే చెప్పిన."

మొగిలి నన్ను చూశాడు. కోపం కాదు. ఏదో కొత్త మనిషిని చూస్తున్నట్టు చూశాడు. "గట్లనా సారూ?" అన్నాడు. మళ్లీ తనే, "మంచిది. గట్లనే కానీ," అన్నాడు. ఆరుగురిలో ఒకడు మొగిలిని చూసి తల పక్కకు తిప్పుకోవడం కూడా నేను చూశాను. డబుల్ మస్టరు కోసం మొగిలి తమకు కూడా నిజం చెప్పలేదనుకున్నాడేమో.

గుమాస్తా మాటకు ఒక వెసులుబాటుంది. చేతిలో కాగితం ఉంటుంది. కాగితం ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య తగువొస్తే ఎవరిని నమ్మాలో జనానికి ఎవరూ నేర్పక్కర్లేదు.

కిటికీ దగ్గరి అబద్ధాన్ని నోరు జారిందనైనా అనుకోవచ్చు. మెట్ల దగ్గరిది జారింది కాదు. దానికి ముందు రాజేశం అన్న ప్రశ్నకూ నా జవాబుకూ మధ్య ఒక ఊపిరంత ఖాళీ ఉంది. అందులో నిజం చక్కగా పట్టేది.

ఆ బావాబామ్మర్దులు మళ్లీ మాట్లాడుకోలేదు. మొగిలి రిటైరై బెల్లంపల్లి వెళ్లిపోయాక, రాజేశం అన్న భార్య ఏటా రాఖీకి ఒంటరిగా బస్సెక్కి అక్కడికి వెళ్లేది. ఆ ఎన్నికైన నాలుగేళ్లకు రాజేశం అన్న కూతురి పెళ్లయింది. మా దగ్గర పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తెచ్చేది మేనమామ. మొగిలిని పిలవలేదు. ఎవరో దూరపు మామ, వరసకు మామ, బుట్ట పట్టాడు. పిల్ల తల్లి ఒకటికి రెండుసార్లు గేటు వైపు చూసింది. నన్ను పిలిచారు, ముందు వరసలో కూర్చోబెట్టారు. భోజనానికి వెళ్లాను. పప్పు మారు వేయించుకున్నాను. ఇది ఎందుకు రాస్తున్నానో తెలియదు. కానీ ఇది కూడా జరిగింది.

చెయ్యి విరిగిన నా కుర్చీ సంగతి అడగరేం? ఏడాదిన్నర నిలిచింది. తర్వాత లారీల పెద్దమనిషి తన బామ్మర్దిని కార్యదర్శిని చేసుకున్నాడు. ఆయనకు బామ్మర్ది మీద నమ్మకమెక్కువ.

ఒకసారి పనిమీద బెల్లంపల్లి వెళ్లి మొగిలి ఇల్లు వెతికాను. చాయ్ తాగమన్నాడు. మోకాళ్ల నొప్పుల గురించి, దవాఖానలో మందులు దొరకకపోవడం గురించి చెప్పాడు. అతనికి నిజం తెలుసు. నాకు తెలుసని తెలుసు. ఎందుకు చేశావని అడుగుతాడేమోనని గంటసేపు కూర్చున్నాను. అడగలేదు. చెప్పకుండా లేచొచ్చాను. అడిగితే చెప్పేవాడినా? ఏమో. అడగనివాడి మీద నెపం పెట్టడం తేలిక.

చెప్పాల్సింది రాజేశం అన్నకు. ఆయన ఇదే ఊళ్లో ఉన్నాడు, వారంలో మూడుసార్లు ఎదురవుతాడు, ఇప్పటికీ తమ్మీ అనే పిలుస్తాడు. ఇది చదివితే ఆయన పోల్చుకుంటాడు. చదవాలని ఉందా, వద్దని ఉందా అంటే, రెండు వర్గాలూ నాలోనే ఉన్నాయి. క్షమించమని అడగడం లేదు. ఇంత రాశాక ఛాతీలో కొంచెం తేలిగ్గా ఉంది. ఆ తేలిక నాకు దక్కాల్సిందేనా అన్నది ఇంకో ప్రశ్న.

ఇందులో పేర్లు మార్చాను. టైము మార్చలేదు. మొగిలి నిజమే చెప్పాడు. అతనికి నేను చెప్పింది నాలుగు.