మెట్లు లోపలికి వెళ్ళిన మేడ

పచ్చి సిమెంటు మీద నీళ్ళు పడినప్పుడు వచ్చే వాసన చాలామందికి ఇష్టమట. కొత్త ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు సాయంత్రం పూట గోడలు తడిపిస్తూ, ఆ వాసన గుండెల నిండా పీలుస్తూ మురిసిపోవడం చాలాసార్లు చూశాను. నాకు మాత్రం అది ముక్కుకు తగిలితే చాలు, ఒళ్ళు మండుకొస్తుంది. గుడివాడలో మా ఇంటి పక్క స్థలంలో ఎవరో అయిదంతస్తులు లేపుతున్నారు, వంటింటి కిటికీ తెరిస్తే రోజంతా అదే వాసన. మన ఏరియా డెవలప్ అవుతోందని మా ఆయన సంబరపడతారు. సరిగ్గా ఇదే సంబరం నేను చిన్నప్పుడు బందరులో, మా ఉప్పుగుంట వీధిలో చూశాను. అప్పుడు సంబరపడినవాళ్ళలో మేమూ ఉన్నాం.

మా వీధి పేరు చెబితే రిక్షావాళ్ళు ముక్కు మూసుకునేవారు. వీధి చివర పెద్ద ఇసుకదిబ్బ ఉండేది. ఎవరి పేరునా కాగితం లేని ఆ దిబ్బ మీద మా ఇళ్ళవాళ్ళందరూ తాటాకు చాపలు పరిచి చేపలు ఎండబెట్టేవారు. మాఘమాసంలో మంచు విడిచి ఎండ తగలగానే నెత్తళ్ళు వెండిపొడి చల్లినట్టు మెరిసేవి, సావిడాయలు దండేల మీద బెల్టుల్లా వేలాడేవి, ఎండురొయ్యల ఎర్రటి కుప్పల మధ్య మా మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ఒక్కొక్క చేపనూ తిరగేస్తూ నడిచేది. కాకుల్ని తోలడం పిల్లల పని. చేతిలో కర్ర పట్టుకునే తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం, కర్ర పట్టుకునే గచ్చకాయలు ఎగరేసేవాళ్ళం, బడికి వెళ్ళేటప్పుడు తర్వాతి వాళ్ళకి ఆ కర్ర అప్పగించి వెళ్ళేవాళ్ళం. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి నెత్తళ్ళూ వంకాయా కలిసి ఉడుకుతున్న వాసన వీధి మొదట్లోనే ఎదురొచ్చి ఇంటికి లాక్కుపోయేది. అలాంటి వాసన మళ్ళీ ఏ పెద్ద హోటల్లోనూ నాకు తగల్లేదు.

తాటాకు ఇళ్ళూ పెంకుటిళ్ళూ ఉన్న మా వీధిలో ఒక్కటే డాబా ఉండేది. అది సున్నం సాహెబు గారిది. ఆయన సముద్రపు గుల్లలు కాల్చి సున్నం చేసి అమ్మేవారు. ఆ సున్నంతోనే గోడలు పూయించుకున్నారు కాబట్టి, ఎండాకాలంలో మేం చెంపలు ఆనించుకుంటే ఆ గోడ చల్లగా ఉండేది. ఆయన భార్య బీబమ్మ. పిల్లలు లేరు. వీధిలో పిల్లలందరూ ఆవిడకి పిల్లలే అని అందరూ అనేవారు గాని, నిజానికి ఆవిడకి మా అల్లరి అంటే మహా చిరాకు. గచ్చు మీద ముగ్గుబద్దతో గీతలు గీశామంటే చీపురు తిరగేసి వెంటపడేది. అదే చేత్తో రంజానుకి గిన్నెలు గిన్నెలుగా పాలసేమియా పంచేది, పీర్లపండుగకి బెల్లం పానకం పోసేది. మా మామ్మా ఆవిడా ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు.

ఆ డాబాకి మెట్లు బయట ఉండేవి. వీధిలోంచి నేరుగా పైకి. తలుపు లేదు, గడియ లేదు. ఆ రోజుల్లో బందరులో డాబా కట్టినవాళ్ళు చాలామంది మెట్లు అలాగే పెట్టించేవారు, అందులో ధర్మం ఏమీ లేదు, లోపల చోటు కలిసొస్తుందని. కాని మా వీధివాళ్ళకి మాత్రం ఆ మెట్లు అందరివీ. ఆశ్వయుజం వెళ్ళి కార్తీకం వచ్చేసరికి తూర్పుగాలి పడుతుంది, తుఫానుల కాలం. ఆ నెల మొదట్లో ఇంటికిన్ని చొప్పున అటుకులూ పేలాలూ బెల్లం ముక్కలూ తెచ్చి బీబమ్మ గారి డాబా మీది కొట్టుగదిలో ఒక పెద్ద కాగులో పోసి, మూతికి గుడ్డ కట్టేవారు. తుఫాను కాగు అనేవాళ్ళం దాన్ని. తుఫాను రాకపోతే సంక్రాంతికి ముందు ఆ అటుకులన్నీ పిల్లలకే, అందుకని తుఫాను రాకూడదని మేం మనసారా మొక్కుకునేవాళ్ళం.

ఉప్పెన వచ్చిన ఏడు మాత్రం మా మొక్కు ఫలించలేదు. పొద్దుటినుంచీ గాలి ఊళ వేస్తూనే ఉంది, సాయంత్రానికి తాటాకులు లేచిపోవడం మొదలైంది. బీబమ్మ మెట్ల కింద తడుస్తూ నిలబడి, ముందు పసిపిల్లల్ని, తర్వాత కడుపుతో ఉన్నవాళ్ళని, ఆపైన ముసలివాళ్ళని వరసగా ఎక్కించింది. సాహెబు గారు పైన లాంతరు పట్టుకుని అందర్నీ కొట్టుగదిలోకి నెట్టారు. ఆ గదిలో ఒకరి మీద ఒకరం ఎలా పట్టామో నాకిప్పటికీ తెలియదు. తెల్లారి చూస్తే మా ఇల్లు లేదు, ఎవరి ఇల్లూ లేదు, కాని మేమందరం ఉన్నాం. దివిసీమలో మా అమ్మ పుట్టిల్లు ఉండేది. అక్కడ ఎక్కడానికి డాబా లేదు. నాన్న వెళ్ళి అక్కడ ఏం చూశాడో మాకు చెప్పలేదు, అమ్మ ఆ తర్వాత ఏడాదిపాటు పండగలకి కొత్త చీర కట్టలేదు. మెట్లు ఉండడానికీ లేకపోవడానికీ తేడా ఏమిటో ఆ వయసుకే నాకు బాగా తెలిసింది.

ఆ తడిలో పట్టుకున్న దగ్గు సాహెబు గారిని వదల్లేదు. సంక్రాంతి వెళ్ళగానే ఆయన పోయారు. డాబా అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి కావడంతో బీబమ్మ మరుదులు దాన్ని గుడివాడ నుంచి వచ్చిన ఒక రైసుమిల్లు ఆయనకి అమ్మేశారు. మా వీధంతా ఆయన్ని మిల్లాయన అనేది. తెల్ల పంచె, నోట్లో కిళ్ళీ, మాట్లాడితే నవ్వు. ఉప్పెన తర్వాత బందరులో ఉద్యోగస్తులందరూ పై అంతస్తుల వాటాల కోసం వెతుక్కుంటున్నారని ఆయన పసిగట్టాడు. డాబా పడగొట్టి మూడంతస్తుల వాటాల మేడ కడతానన్నాడు. అపార్టుమెంటు అనే మాట మా వీధి విన్నది అప్పుడే, ఆయన నోటే. బీబమ్మ తన భాగానికి వచ్చినదాంతో ఎదురుగా, ఉప్పెన తర్వాత మళ్ళీ కట్టిన ఒక పెంకుటింట్లో గది అద్దెకు తీసుకుంది. వీధి వదిలి వెళ్ళనని మరుదులతో గట్టిగా చెప్పింది.

ఇటుకలూ ఇసుకా కంకరా దింపుకోవడానికి మిల్లాయనకి మా దిబ్బ కావలసివచ్చింది. అడగడానికి స్వయంగా వచ్చాడు, మేం మళ్ళీ లేపుకున్న ఇంటి అరుగు మీదే కూర్చున్నాడు, మామ్మ ఇచ్చిన మజ్జిగ తాగాడు. మేడ పూర్తయ్యేదాకా చేపలు ఇంకెక్కడైనా ఎండబెట్టుకోండమ్మా అన్నాడు. మగవాళ్ళు తటపటాయిస్తుంటే, ఆయన వేలు పైకి చూపించి అన్న మాట నాకు గుర్తుంది.

"ఆ డాబా ఎంతెత్తండీ? రేపు మళ్ళీ ఉప్పెనొస్తే మూడంతస్తులు. మీ పిల్లలకి ఇంక భయమేంటి?"

అంతే, దిబ్బ ఇచ్చేశారు. కాగితం లేదు, సాక్షి లేడు. తుఫానులో ఎత్తున్న ఇల్లు ఎవరిదైనా అందరిదేనని మా వీధివాళ్ళు పుట్టినప్పటినుంచీ నమ్మారు. అది కూడా మాట తీసుకోవలసిన సంగతని వాళ్ళకి తట్టనే లేదు. మిల్లాయన మీద నాకు ఎంత కోపమో, అంత అమాయకంగా ఉన్నందుకు మావాళ్ళ మీదా అంతే కోపం. మా ఆడవాళ్ళు ఇసుక తట్టలు మోశారు, మా పిల్లలం ఇటుకలు అందించాం. నాన్నకి చిన్నప్పటి స్నేహితుడు నాగులు బాబాయిని అక్కడ కాపలాకి పెట్టుకున్నారు. ఖాకీ చొక్కా తొడుక్కుని ఆయన వీధిలోకి వచ్చిన రోజు మాకు పెళ్ళివారొచ్చినంత సందడి.

ఏడాది తిరక్కుండానే మేడ లేచింది. బ్యాంకువాళ్ళూ, కాలేజీ మాష్టర్లూ, ఒక డాక్టరు గారూ దిగారు. వీధి మొదట్లో ఇస్త్రీ బండి వచ్చింది, టిఫిన్ హోటలు వచ్చింది, రిక్షావాళ్ళు ముక్కు మూసుకోవడం మానేసి ఏ వాటాకి వెళ్ళాలండీ అని అడగడం మొదలుపెట్టారు. మాకు గొప్పగా ఉండేది. దిబ్బ చుట్టూ ప్రహరీ లేచాక గాని మా గొప్ప దిగలేదు. అక్కడ క్రోటన్ మొక్కలు నాటించారు. ఇళ్ళ ముందు చాపలు పరిస్తే కిటికీలు దభాలున మూసుకునేవారు. తర్వాత మునిసిపాలిటీ మనుషులు వచ్చి వాసన గురించి ఫిర్యాదు అందిందని చెప్పి చాపలు చుట్టించి తీసుకుపోయారు. మేడ నీడ మా ఇంటి మీద మధ్యాహ్నం నుంచే పడేది, నీడన ఎండిన చేప పురుగు పడుతుంది. అయినా మామ్మ ఒక్క మాట అనేది కాదు. ఎప్పుడైనా నాన్న విసుక్కుంటే, పిల్లలకి ఎత్తు దొరికింది కదరా, ఊరుకో అనేది.

కార్తీకం రాగానే వీధిలోవాళ్ళు ఎప్పటిలా అటుకులూ పేలాలూ పోగుచేశారు. బీబమ్మా మామ్మా ఆ కాగుని మోసుకుని కొత్త మేడ ఎక్కారు. అటూ ఇటూ చూస్తే వీధిలోంచి పైకి వెళ్ళే మెట్లు లేవు, ఇనుప గేటు దాటి లోపలికెళితే కనిపించాయి. టెర్రస్ మీద నీళ్ళ ట్యాంకు పక్కన ఒక మూల కాగుని పెట్టి, మూతికి గుడ్డ కట్టి, ఎంతో తృప్తిగా దిగివచ్చారు. రెండోనాడు నాగులు బాబాయి ఆ కాగుని ఎత్తుకొచ్చి మా అరుగు మీద పెట్టాడు. ఎలకలు చేరతాయంటున్నారు వదినా అని అమ్మతో గొణిగి, తలెత్తకుండా వెళ్ళిపోయాడు. ఆ రోజు మా అమ్మ మొహం చూశాను. ఆవిడకి అర్థమైంది. మామ్మకీ బీబమ్మకీ మాత్రం కాలేదు, కాగు వద్దంటే వద్దన్నారు, మనుషుల్ని వద్దంటారా అన్నారు.

వేసవి సెలవుల్లో వచ్చింది తుఫాను. ఆ కాలంలో రావలసింది కాదు. రేడియోలో ప్రమాద హెచ్చరిక వినగానే వీధంతా మూటలు కట్టుకుంది. మధ్యాహ్నమే చీకటి పడినట్టయింది, గాలికి ఇసుక మొహాన కొడుతోంది. అందరం ఎవరూ చెప్పకుండానే మేడ దగ్గరికి చేరాం, పసిపిల్లలు ముందు, ముసలివాళ్ళు వెనక. గేటుకి తాళం వేసి ఉంది. లోపల నాగులు బాబాయి, పైన వరండాల్లో వాటాలవాళ్ళు. బాబాయిని తియ్యమని నాన్న అడిగాడు. తాళంచెవి పైనే ఉందన్నాడు ఆయన, అది నిజమే అయి ఉండాలి, ఎందుకంటే ఆయన ఏడుస్తున్నాడు.

మొదటి అంతస్తులోంచి ఒక లెక్చరరు గారు ఎంతో మర్యాదగా మాట్లాడారు. తిట్టలేదు, కసరలేదు. ప్రభుత్వం హైస్కూల్లో అన్ని ఏర్పాట్లూ చేసిందనీ, ఇంతమంది ఎక్కితే ఇక్కడి పిల్లలకి ఇబ్బందనీ, ఇంకా సమయముంది కాబట్టి మేం అక్కడికి వెళ్ళడం మంచిదనీ చెప్పారు. అప్పుడు బీబమ్మ ముందుకొచ్చి గేటు ఊచలు పట్టుకుంది. ఒకప్పుడు ఆవిడ ఇంటి మెట్లు మొదలైన చోటు అదే.

"బాబూ, మీ గదుల్లోకి రామండీ. మెట్ల మీద కూచుంటాం. గాలి తగ్గంగానే ఎల్లిపోతాం."

ఆయన ఇంకోసారి అదే మర్యాదతో స్కూలు పేరు చెప్పి లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు. బీబమ్మ ఆ ఊచలు వదలడానికి కాసేపు పట్టింది. మామ్మే వెళ్ళి వేళ్ళు ఒక్కొక్కటీ విడిపించి, "పద వదినా, మనకిది ఇల్లు కాదు," అంది. పెంకులు ఎగురుతుంటే, నెత్తిమీద చాపలు కప్పుకుని స్కూలుదాకా నడిచాం. ఆ నడకలో నాకు భయం వేయలేదు, సిగ్గేసింది. ఎందుకు సిగ్గుపడాలో తెలియకుండానే సిగ్గేసింది, అది ఇంకా పోలేదు.

ఈసారి సముద్రం రాలేదు. మర్నాడు వాన వెలిశాక తిరిగొస్తుంటే, ఆ లెక్చరరు గారే వరండాలోంచి మమ్మల్ని చూసి, ఏమీ కాలేదుగా, అనవసరంగా కంగారుపడ్డారు అని నవ్వుతూ పలకరించారు. ఆ వారంలోనే బీబమ్మ కృత్తివెన్నులో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. బస్సెక్కించడానికి వెళ్ళిన మామ్మతో, మా ఆయన్ని మట్టిచేసినప్పుడు కూడా ఈ వీధి పరాయిదనిపించలేదు వదినా అందట. తర్వాత ఒక్కొక్క ఇల్లూ అమ్ముడైంది. మిల్లాయనే కొన్నాడు చాలా మటుకు. వెళ్ళగొట్టారని చెప్పడానికి లేదు, ఎవరూ వెళ్ళగొట్టలేదు. ఎత్తు దొరికిందన్న ఒక్క ఆశ కోసం ఎండనీ దిబ్బనీ వదులుకున్నవాళ్ళకి, ఆ ఆశ పోయాక ఉండడానికి కారణం కనిపించలేదు. మేం చిలకలపూడి వైపు వెళ్ళాం. నాన్న చేపల వ్యాపారం మానేసి బియ్యం బస్తాలు మోశాడు, మామ్మ చివరిదాకా ఎండుచేప ముట్టుకోలేదు.

ఇప్పుడు ఆ వీధి పేరు మారిపోయింది, ఉప్పుగుంట అంటే తెలిసినవాళ్ళు లేరు. మిల్లాయన మేడ కూడా పాతబడి కూలగొట్టారు, దాని జాగాలో ఇంకా పెద్దది లేచింది. విచిత్రమేమిటంటే మా తమ్ముడు అందులోనే నాలుగో అంతస్తులో ఫ్లాటు కొన్నాడు. మొన్నామధ్య తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. కరెంటు పోయింది, గాలి మొదలైంది. నాకు లోపల కూర్చోబుద్ధి కాలేదు. మెట్లు దిగి కిందికి వెళ్ళి, గేటు తాళం తీసి ఉంచమని వాచ్‌మన్ని అడిగాను. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కుర్రాడు, మంచివాడు, వెంటనే తీశాడు. తీసి, వీధిలోకి ఒకసారి తొంగిచూసి, "ఎవరొస్తారమ్మా?" అని అడిగాడు. నేనూ చూశాను. ఆ చివరినుంచి ఈ చివరిదాకా రెండువైపులా మేడలే, అందరూ పైనే ఉన్నారు. వాడికి చెప్పడానికి నా దగ్గర ఒక్క పేరు కూడా లేదు.