ఆఖరి పేరా లేని టైర్లు

ఆ రోజుల్లో అచ్చులో పడిన మాటను జనం గట్టిగా నమ్మేవారు. నేను విజయవాడలో ఒక దినపత్రికలో ట్రైనీ సబ్‌ఎడిటర్‌గా చేరింది ఆ రోజుల చివరిలోనే. ఇంట్లో నా మాట వినేవాళ్ళు ఒక్కరూ లేరు గానీ, రాత్రి నేను దిద్ది పంపిన వాక్యం తెల్లారేసరికి టీ కొట్ల దగ్గర తిరుగులేని సాక్ష్యమయ్యేది. అప్పట్లో అది తలుచుకుంటే గర్వంగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే బెంగగా ఉంటుంది.

ఆ నమ్మకానికి మా కుటుంబంలో పెద్ద దిక్కు మా పెదనాన్న. కంకిపాడులో ఉండి, చుట్టుపక్కల ఊళ్ళలో మగ్గాల మీద నేసిన చీరలు సేకరించి, పాత జీపులో విజయవాడ దుకాణాలకు వేసేవాడు. పేపరు తెరిస్తే తేదీతో మొదలుపెట్టి, అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ముద్రాపకుడి పేరు దాకా చదివేవాడు. తమ్ముడి కొడుకు అందులోనే పని చేస్తున్నాడన్నది ఆయనకు సంతోషమే. అయితే పేపరు వేరు, నేను వేరు. పేపరంటే గౌరవం, నేనంటే జాలి.

మా పేపర్లో వారానికోసారి మోటారు బళ్ళ గురించి ఒక శీర్షిక వచ్చేది. ఎక్కడి నుంచో ఇంగ్లీషులో వచ్చిన వ్యాసాన్ని తెలుగు చెయ్యడం నా పని (సైకిలు తప్ప ఏదీ నడపడం రాదని నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు). ఆ వారం వంతు బురద టైర్లది. టైరు మీద పెద్ద పెద్ద దిమ్మలు, వాటి మధ్య వెడల్పాటి సందులు ఉంటాయి కాబట్టి, మామూలు టైరు బురద పూసుకుని సొరకాయలా నున్నగా అయిపోయే చోట ఇది తిరుగుతూ బురదను విదిలించేసుకుంటుందని రాశాను. పక్కలు మందంగా ఉంటాయి కాబట్టి రాళ్ళు కోసుకోవని, గాలి కాస్త తగ్గిస్తే రాయిని పట్టుకుని ఎక్కుతుందని రాశాను. ఆఖరి పేరాలో తారు రోడ్డు సంగతి ఉంది. అక్కడ దిమ్మల నెత్తులు మాత్రమే నేలకు ఆనుతాయి, మోత ఎక్కువ, అరుగుదల ఎక్కువ, తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే బండి ఆగకుండా జారే ప్రమాదం ఉంది, జాగ్రత్త అని. సరిగ్గా పేజీ పంపే వేళకు ఒక పురుగుమందు ప్రకటన వచ్చి పడింది. మా డెస్కు ఇన్‌ఛార్జిని మేం చాటుగా కత్తెర మాస్టారు అనేవాళ్ళం. ముఖ్యమైంది పైన ఉంటుంది, కింద ఉండేది తోక, తోక కోస్తే ఏ జంతువూ చావదని ఆయన సిద్ధాంతం. నేను శ్రద్ధగల శిష్యుణ్ణి. తోక కోసేశాను.

వారం తిరిగేసరికి పెదనాన్న జీపుకు నాలుగు బురద టైర్లు వచ్చాయి. కాలవ గట్ల మీద నల్లమట్టిలో ట్రాక్టర్లే మూలిగే శ్రావణమాసంలో ఆ జీపు చీరల మూటలతో గేదెలా నింపాదిగా నడిచిపోయిందట. పేపర్లో రాళ్ళ మీద కూడా అన్నారు కదా, డెల్టాలో రాయి దొరకదాయె. అందుకని ఒక ఆదివారం పనిగట్టుకుని ఇబ్రహీంపట్నం అవతల కొండవాలుకు వెళ్ళి, జేబులో మా కటింగు పెట్టుకుని, అందులో చెప్పినట్టు గాలి తగ్గించి, రెండు బండలు ఎక్కించి దింపి, తృప్తిగా ఇంటికొచ్చాడు. ఈ కబురంతా ఆయనే ఫోనులో చెప్పాడు. నాకు మాత్రం నేను కోసిన తోక గుర్తొచ్చింది. ఆయన రోజూ తిరిగేది బందరు రోడ్డు. ఎంత లేదన్నా నూటికి తొంభై పాళ్ళు తారు.

మర్నాడే కంకిపాడు వెళ్ళాను. ఆయన గుణదలలో ఒక చర్చి పెళ్ళివారికి తెల్లచీరలు ఇవ్వడానికి బయలుదేరుతుంటే, దారిలో చెబుదామని పక్కన కూర్చున్నాను. ఆ మోతలో నా మాట నాకే వినపడలేదు (రైసుమిల్లుకు చక్రాలు కట్టి తోలుతున్నట్టుంది). ఇంతలో సన్నగా తుంపర మొదలైంది. ముందు వెళ్తున్న ఆటో ఆగింది. పెదనాన్న బ్రేకు తొక్కాడు. జీపు ఆగలేదు. కోపం లేకుండా, తొందర లేకుండా పక్కకు తిరిగి, జారుకుంటూ పోయి కొబ్బరిబొండాల కుప్పలో మూతి పెట్టి నిలబడింది. బొండాలు దొర్లాయి గానీ ఎవరికీ దెబ్బ తగల్లేదు.

బొండాల ఆయన కత్తి పక్కన పెట్టి మమ్మల్ని తేరిపార చూశాడు. "దిగి అడిగితే కొట్టివ్వనా అండీ? బండితో వచ్చి తాగాలా?"

దొర్లిన బొండాలన్నీ ఏరిపెట్టాక జరిగింది చెప్పేశాను. ఆఖరి పేరా ఒకటుందని, తడి తారు మీద ఈ టైర్లు జారతాయని అందులో ఉందని, దాన్ని కోసింది నేనేనని.

పెదనాన్న తాపీగా విన్నాడు. "అది పేపర్లో వచ్చిందా?"

"రాలేదు పెదనాన్నా. నేనే తీసేశా."

"పనికొచ్చే ముక్కయితే మీవాళ్ళు ఎందుకు తీస్తార్రా? బురదలో పోద్దన్నారు, పోయింది. రాళ్ళెక్కుద్దన్నారు, ఎక్కింది. ఇయ్యాల జారిందంటే నా తొక్కుడులో తేడా. నువ్వు కంగారుపడి పేపర్ని అనమాక."

టైర్లు మార్చనని తేల్చేశాడు. వానాకాలం ఇంకా సగం ఉంది. రోడ్డు మీద ప్రతిసారీ బొండాలే ఉండవు. ఆ పేరా వేద్దామండీ అని కత్తెర మాస్టారి దగ్గర బతిమాలాను. మనం రాసిన దాంట్లో తప్పేముందయ్యా, రాయనిదానికి సవరణ ఎక్కడైనా ఉంటుందా అన్నారు. ఆయన సెలవు పెట్టిన రోజు చూసి, చెయ్యకూడని పని చేశాను. కోసిన పేరాను పాఠకుల లేఖగా తిరగరాసి, కింద 'ఒక పాఠకుడు, కంకిపాడు' అని పెట్టి పేజీలోకి పంపేశాను.

అది అచ్చయిన రోజు మధ్యాహ్నానికే పెదనాన్న పాత టైర్లు ఎక్కించాడు. సాయంత్రం ఫోను చేసి, "చూశావంట్రా? మనూరోడే ఎవడో ఎంత వివరంగా రాశాడో. నువ్వు ఆ ఆఫీసులోనే కూర్చుంటావుగా, ఒక్క మాట చెప్పొద్దూ?" అన్నాడు.

చెప్పాను కదా అందామనుకుని, టైర్లు మారాయిగా అని ఊరుకున్నాను. ఆ తరవాత పెదనాన్న ఎన్నో ఏళ్ళు కంకిపాడులో ఆ పాఠకుడి కోసం ఆరా తీశాడు. మెకానిక్కు అయ్యుంటాడని కొన్నాళ్ళు, లెక్కల మాస్టారని కొన్నాళ్ళు అనుకున్నాడు. దొరికితే ఇంటికి పిలిచి భోజనం పెట్టాలని ఆయన కోరిక. "రాస్తే అట్టా రాయాలిరా అబ్బాయ్" అని, నా పేరుతో వచ్చిన వార్తలు చదివిన ప్రతిసారీ నాకు బుద్ధి చెప్పేవాడు. పెదనాన్న పోయేదాకా నేను నోరు విప్పలేదు. విప్పితే ఆయన ఆ పాఠకుణ్ణి పోగొట్టుకునేవాడు.

ఇప్పుడు నా రాతలు ఫోన్లలో వస్తున్నాయి. చోటుకు కరువు లేదు, ఏ పేరా కొయ్యక్కర్లేదు. చదివి, నమ్మి టైర్లు మార్చుకునేవాళ్ళు మాత్రం కనపడరు. అప్పుడప్పుడు ఏదైనా రాసి ముగించాక, పెదనాన్న మెచ్చుకున్న ఆ కంకిపాడు మనిషి అయితే దీన్ని ఎలా రాసేవాడా అనిపిస్తుంది. నాకన్నా బాగానే రాసేవాడు.