పొట్టేలును పట్టినట్టు

మా పెద్దబాపు, నాన్నకు అన్న, పోయాడన్న కబురు నేను కాలేజీ లైబ్రరీలో ఉండగా వచ్చింది. గుండె ఆగిందట. చౌటుప్పల్ చేరేసరికి హైవే పక్కన ఆయన ట్రాక్టర్ల రిపేరు షెడ్డు ముందే పడుకోబెట్టారు. లోపల ఆయన పాత స్పోర్ట్స్ కారు, ముందు చక్రాలు లేకుండా దిమ్మెల మీద ఉంది. షాక్ అబ్సార్బర్లు విప్పి, కడిగి, బల్ల మీద పెట్టుకున్నాడు. వాటిలో నూనె పోయడమే మిగిలింది.

కొల్లాపూర్‌లో ఒక పాత బంగళా వెనక కోళ్లు గుడ్లు పెడుతున్న ఆ రెండు సీట్ల కారును ఆయన తెచ్చినప్పుడు చుట్టాలంతా నవ్వారు. మాది గొర్లు కాసిన ఇల్లు.

"గొర్లు గాసేటోళ్లకు రేసు కారెందుకు బావా?" అన్నాడు పెద్దమ్మ తమ్ముడు.

"గొర్లెనక ఉరికినోనికి గాక ఇంకెవలికి గావాలె?" అన్నాడు పెద్దబాపు.

దాని షాక్ అబ్సార్బర్లు ఇప్పటి గొట్టాల్లాంటివి కావు. ఇనుప పెట్టె, దానికి చెయ్యిలాంటి ఒక కడ్డీ. కడ్డీ ఆడినప్పుడల్లా లోపలి నూనె సన్నని దారిలోంచి పోవాలి; ఆ నిదానమే కారు ఎగిరెగిరి పడకుండా ఆపుతుంది. ఏ నూనె అన్నదే ప్రశ్న. బ్రేక్ ఆయిల్ పోస్తే రబ్బరు పాడవుతుంది. ఇంజిన్ ఆయిల్ నురగ కడుతుంది. అందరూ చిక్కటిది పొయ్యమనేవారు. చిక్కగా ఉంటేనే బలమని మా వైపు నమ్మకం, పాలైనా గంజైనా.

ఒకసారి ఆయనా ఆ మాట విన్నాడు. చిక్కటి గేరు నూనె పోసి, పూజ చేయించడానికి యాదగిరిగుట్టకు బయలుదేరాడు. ప్రతి స్పీడ్ బ్రేకరూ నడుముకే తగిలింది. గుట్ట కింద పెద్దమ్మ దిగిపోయింది. "నీ కారుకు నువ్వే మొక్కుకో. నేను బస్సుల వస్త."

ఆ తర్వాత బైకు ఫోర్కుల్లో పోసే నూనెలు తెచ్చి, పలచనిదీ చిక్కనిదీ కలిపి చూసేవాడు. కడ్డీ నా చేతికిచ్చేవాడు.

"పొట్టేలును కొమ్ములు వట్టినట్టుండాలె బిడ్డా. ఎదురు బిగిస్తే నిన్ను పడేస్తది. ఇడిసిపెడితే ఉరుకుతది. జరంత పోనిచ్చి ఆపాలె."

కాన్వెంటులో నన్ను గట్టిగా మాట్లాడమనేవారు. ఆయన అలా ఎప్పుడూ అనలేదు. నేను కడ్డీ ఆడించి తల ఊపేదాకా ఆగేవాడు. అడ్డంగా ఊపితే మళ్లీ డబ్బా తెరిచేవాడు.

పోయినాయన పేరున పిట్టకు పెట్టిన రోజు విస్తరిలో కల్లూ కూరా పెట్టి పక్కకు జరిగాం. కాకులు రాలేదు.

"నూనె డబ్బ పెట్టలేదని అలిగిండేమో," అంది పెద్దమ్మ. ఏడుస్తున్నవాళ్లు నవ్వారు.

అప్పుడే ఆమె తమ్ముడు అన్నాడు: "అక్కా, హైదరాబాదాయన ఒకరు కారడుగుతుండు. గా పాత షాక్ అబ్సార్బర్లు పీకేసి కొత్తయి ఏసుకుంటడట."

"ఇచ్చెయ్ తియ్. దాన్ని జూసేటోళ్లు ఇంకెవలున్నరు?" అంది పెద్దమ్మ.

"నేనున్న," అన్నాను.

చాలామంది తిరిగి చూశారు. "పుస్తకాలు జదివే పిల్లవు, నీకేమెర్క?" అన్నాడు పెద్దమ్మ తమ్ముడు.

"చిక్కటిది పొయ్యొద్దని ఎర్క."

పెద్దమ్మ కొంగు ముడి విప్పి షెడ్డు తాళంచెవి నా చేతిలో పెట్టింది.

ఎప్పుడు అమ్ముతారని ఇంకా అడుగుతున్నారు. అమ్మం. కొత్తవి బిగించం. నూనె నేనే కలిపాను. మొదటి రెండుసార్లు తల అడ్డంగా ఊపాను, షెడ్డులో చూసేవాళ్లెవరూ లేకపోయినా. షాక్ అబ్సార్బర్లు బిగించి చక్రాలు ఎక్కించాక, కారు ముందు మూల మీద రెండు చేతులూ వేసి, ఉన్న బలమంతా పెట్టి నొక్కి వదిలాను. కారు వంగింది. మెల్లగా లేచింది. ఆగింది.