మూడో మీటింగుకు వెళ్లిన దారి: అత్తమ్మతో సిరిసిల్ల నుంచి కోరుట్ల దాకా

కరీంనగర్‌లో నేను ఇంటర్ పిల్లలకు పౌరశాస్త్రం చెప్తాను. మున్సిపాలిటీల పాఠం ఏటా చెప్పేదే. ఈసారి ఇంట్లో కూర్చుని నోట్సు సరిచూసుకుంటూ, వరుసగా మూడు నెలలు సమావేశాలకు రాని కౌన్సిలర్ సభ్యత్వం పోతుందన్న నియమాన్ని పైకి చదివాను. పక్కనే బీరకాయలు చెక్కు తీస్తున్న మా అత్తమ్మ లచ్చవ్వ తల ఎత్తకుండానే, "గా ముచ్చట నాకెరుకే. గదాని కోసమే సిరిసిల్లకెల్లి కోరుట్లకు కొంత దూరం నడుసుకుంట పోయిన" అంది. ఆమె ఒకప్పుడు కోరుట్లలో కౌన్సిలర్‌గా చేసిందని పెళ్లినాటి నుంచీ తెలుసు. అంతకుమించి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ దారి నాకు చూపిస్తావా అంటే, "బుధవారం పోదాం" అంది.

పొద్దున ఏడింటికి కరీంనగర్ బస్టాండులో సిరిసిల్ల బస్సు ఎక్కాం. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి ఆధార్ కార్డు దగ్గర పెట్టుకుంటే చాలు, రోజంతా మా ఖర్చు చాయ్‌లు, భోజనం, ఆటోలకే. సిరిసిల్ల చేరడానికి గంటకు పైనే పట్టింది. బస్టాండు వెనక వీధుల్లోకి వెళ్లగానే మరమగ్గాల చప్పుడు మొదలైంది. అత్తమ్మ చెల్లెలి కుటుంబం ఆ రోజుల్లో అక్కడే ఉండేది. ఇప్పుడు ఆ ఇల్లు లేదు, దాని స్థలంలో మూడంతస్తుల మేడ ఉంది. ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో ఉప్మా తింటూ ఆమె అసలు కథ మొదలుపెట్టింది.

అది నక్సలైట్ల కాలం. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన రోజులు అప్పటికే పాతబడ్డాయి. అయినా భయం పోలేదు. పల్లెల్లో దొరల గడీలకు తాళాలు పడ్డాయి. పట్టణాల్లో పోలీసు క్యాంపులు వెలిశాయి. రాజ్యాంగ సవరణ వచ్చి స్థానిక సంస్థల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్లకు కేటాయించినప్పుడు, అత్తమ్మ ఉన్న వార్డు మహిళలకు వచ్చింది. మామయ్య దుబాయిలో ఉన్నాడు. ఆమె బీడీలు చుట్టేది. వాడకట్టు ఆడవాళ్లంతా కలిసి ఆమెనే నిలబెట్టారు, గెలిపించారు.

"ఎందుకు నిన్నే నిలబెట్టిండ్రు?" అని అడిగాను.

"నాకు నోరెక్కువని. నల్లా లేదు మా వాడల. బోరింగుకాడ దినాం కొట్లాటనే. గీమె పోతెనన్న నీళ్లస్తయని పంపిండ్రు."

గెలిచిన కొన్నాళ్లకే అన్నల నుంచి, అంటే నక్సలైట్ల నుంచి మాట వచ్చింది, ఈ ఎన్నికలే బూటకం, కౌన్సిలర్ పదవికి రాజీనామా చెయ్యమని. ఆ మాట మోసుకొచ్చిన మనిషి ఆమెకు పరాయివాడు కాదు. బీడీ కూలి పెంచమని సమ్మె జరిగినప్పుడు వీళ్ల ముందు నడిచినవాడు. తర్వాత అడవిలోకి వెళ్లిపోయాడు. "ఆయన మీద నాకు కోపం లేకుండె. మా కూలి పెరిగిందంటే గాళ్లతోనే. గని నల్లా సంగతి ఎవలు సూడాలె?" అంది అత్తమ్మ. ఏం చెయ్యాలో తోచక పిల్లల్ని తీసుకుని సిరిసిల్లకు, చెల్లెలింటికి వచ్చేసింది. రెండు సమావేశాలు అట్లాగే పోయాయి. మూడో దానికి కూడా వెళ్లకపోతే సీటు దానంతట అదే ఊడిపోతుందని మరిది చెప్పాడు. ఇంట్లో అందరూ అదే మంచిదన్నారు, ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు కదా అని. ఆమెకు మాత్రం ఆ మాట మింగుడు పడలేదు. పిల్లల్ని చెల్లెలి దగ్గర వదిలి, సమావేశానికి ముందురోజు పొద్దున్నే బయల్దేరింది.

సిరిసిల్ల నుంచి వేములవాడ దగ్గరే, అరగంట. అక్కడ బస్సు మారి కొడిమ్యాల మీదుగా కొండగట్టు వైపు సాగాం. దారంతా మక్కచేన్లు, మధ్యమధ్య గుట్టలు. ఖాళీగా ఉన్న బస్సులో కండక్టర్ మా ముందు సీట్లో కూర్చుని, "కొండగట్టుల దిగుతరా అమ్మా?" అని అడిగాడు.

"చౌరస్తాకాడ దిగుతం. దర్శనానికి కాదు, ఊకెనే" అంది అత్తమ్మ.

ఆ రోజు కూడా ఆమె బస్సు అక్కడిదాకే వచ్చింది. అన్నల బంద్ పిలుపు ఉందని, ముందు రోడ్డు మీద చెట్లు నరికి అడ్డమేశారని డ్రైవర్ అందరినీ దింపేశాడు. చౌరస్తాలో, కొండగట్టు అంజన్న దర్శనం చేసుకుని కోరుట్ల అవతలి ఇబ్రహీంపట్నం వైపు వెళ్లాల్సిన భక్తులు కొందరు ఆగి ఉన్నారు. వాళ్లు నడుస్తామంటే వాళ్లలో కలిసింది. మల్యాల దగ్గర ఎవరో మజ్జిగ పోశారట. ఆ దారిలో నిలబడి రోడ్డు వైపు చూపిస్తూ ఆమె చెప్పిన మాటకు నేను నవ్వకుండా ఉండలేకపోయాను.

"మనసుల ఒకటే అనుకున్న బిడ్డా. అన్నలు ఆపితే బీడీలు చేస్త అని చెప్పాలె, పోలీసోళ్లు ఆపితే కౌన్సిలర్ని అని చెప్పాలె. రెండూ నిజమే గద. గదే అనుకుంట జగిత్యాల దాకా నడిచిన. ఎవలూ ఆపలే."

మేం మాత్రం మరో బస్సెక్కి జగిత్యాల చేరేసరికి భోజనాల వేళయింది. కొత్త బస్టాండు దగ్గరి మెస్సులో జొన్నరొట్టె, పప్పు, తొక్కు తిన్నాం. వడ్డిస్తున్నావిడ అత్తమ్మ మాట తీరు పట్టుకుని, "మీది కోరుట్ల దిక్కా?" అని ఇంకో రొట్టె వేసింది. ఈ మూడు పట్టణాల్లో జగిత్యాల మున్సిపాలిటీయే పాతది. కోరుట్ల, సిరిసిల్ల పంచాయతీలుగా ఉండి తర్వాత మున్సిపాలిటీలయ్యాయి. మధ్యలో ఎన్నికలు లేని ఏళ్లు కూడా చాలానే ఉన్నాయి. అప్పుడు ప్రత్యేకాధికారి ఒక్కడే అన్నీ నడిపేవాడు. వార్డుకో కౌన్సిలర్, వాళ్ల పైన చైర్‌పర్సన్, ప్రభుత్వం తరఫున కమిషనర్, నెలకో సమావేశం, ఏ పని కావాలన్నా ముందు అక్కడ తీర్మానం. నేను పాఠంలో చెప్పేది ఇదే. అత్తమ్మ కాలంలో చైర్మన్‌ని నేరుగా జనమే ఎన్నుకునేవారు. ఇప్పుడు కౌన్సిలర్లు తమలోంచి ఎన్నుకుంటారు. ఆ మార్పు గురించి అడిగితే, "అప్పుడైనా ఇప్పుడైనా మీటింగుల కూసునేటోళ్లు అవసరమే గద" అంది.

నడిచి వచ్చిన ఆ రోజు రాత్రి అత్తమ్మ జగిత్యాలలోనే తెలిసిన బీడీ కార్మికురాలి ఇంట్లో పడుకుని, తెల్లారి పాలజీపులో కోరుట్ల చేరింది. తిన్నగా ఆఫీసుకే వెళ్లింది. సమావేశపు హాలులో కుర్చీలన్నీ ఖాళీ. చైర్మన్ బంద్‌లో ఎక్కడో చిక్కుకుపోయాడు. మిగతావాళ్లు భయపడి రాలేదు. ఒక్కరే కూర్చుని ఉన్నారు, పక్క వార్డు కౌన్సిలర్ మాధవరావు. ఆయన పల్లెలో దొరల ఇంటి కొడుకు. రైతుకూలీ సంఘాలు లేచినప్పుడు వాళ్ల నాన్న గడీకి తాళం వేసి కుటుంబాన్ని కోరుట్లకు తెచ్చాడు. అత్తమ్మ తండ్రి ఆ గడీకే కల్లు పోసేవాడు, బయట అరుగు కింద నిలబడి.

అలవాటు కొద్దీ ఆమె వెనక వరుసలో కూర్చుందట.

"ముంగటికి రా లచ్చవ్వా. ఉన్నదే ఇద్దరం. గంత దూరం కూసుంటే ఏం మాట్లాడుకుంటం" అన్నాడాయన.

ఆమె వెళ్లి ఆయన పక్క కుర్చీలో కూర్చుంది. మీకు భయం లేదా అని అడిగింది.

"ఎందుకు లేదు. నాకు గూడ రాజీనామా చెయ్యమని మాట వచ్చింది. ఇంట్ల కూసుంటే భయం ఇంకింత ఎక్కువైతుందని ఇటు వచ్చిన. నువ్వెందుకు వచ్చినవు?"

"నల్లా కోసం" అంది అత్తమ్మ.

కమిషనర్ చాలాసేపు చూసి, సరిపడా సభ్యులు లేరు కాబట్టి సమావేశం వాయిదా అని చెప్పి వెళ్లిపోయాడు. జరగని సమావేశానికి గైర్హాజరు ఉండదు. అంటే ఆమె రాకపోయినా సీటు ఉండేదే. ఆ సంగతి తెలిసి ఇద్దరూ నవ్వుకున్నారట. తర్వాత మాధవరావు తన వార్డుకు రావలసిన పైపులైను వెనక్కి జరిపి, ముందు ఆమె వాడకు వేయమని తనే అడుగుతానన్నాడు. "ఆ దినం దొరా అన్న మాట నా నోట్లెకెల్లి రాలే. కావాలని మానలే, రాలే గంతే" అంది అత్తమ్మ. వాయిదా పడిన సమావేశం తర్వాత జరిగింది. లచ్చవ్వ సిరిసిల్ల నుంచి వచ్చిందట అని విని ఇంకొందరు ధైర్యం చేసి వచ్చారు. మాధవరావు మాట నిలబెట్టుకున్నాడు. తీర్మానం నెగ్గింది.

ఇదంతా వింటూనే కోరుట్ల బస్సు దిగి, ఆటోలో వాళ్ల పాత వాడకు వచ్చాం. నల్లా నీళ్లు వచ్చే వేళ. ఒకావిడ బిందె పెట్టి, "ఎవలింటికి అచ్చిండ్రు?" అని అడిగింది. "ఎవలింటికి కాదు. సూసి పోదమని" అంది అత్తమ్మ. ఆవిడ చెంబుతో నీళ్లిచ్చింది, ఇద్దరం తాగాం. కాస్త ముందుకు నడిచాక మిగతా కథ చెప్పింది. రాజీనామా మాట తెచ్చిన ఆ అడవిలోని మనిషికి, తీర్మానం నెగ్గగానే ఆమె ఒకరితో కబురు పంపింది, నల్లా వచ్చిన తెల్లారి నేనే దిగిపోతాను, అప్పటిదాకా ఆగమని. ఆయన ఆగాడు. పైపులు పడేలోపే ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడు. ఆ ఎండాకాలం నీళ్లు వచ్చాయి, వాడలో సగం దాకే అయినా. మర్నాడు ఆమె వెళ్లి రాజీనామా ఇచ్చింది. మాధవరావు ఎంతో చెప్పి చూశాడట, అడిగినవాడే లేడు, ఇంకెవరికి భయపడుతున్నావని.

"భయం కాదు బిడ్డా. ఆయన లేకుంటేంది, నేను చెప్పి పంపిన మాట ఉన్నది గద" అంది అత్తమ్మ.

ఊడిపోతుంటే ఊరుకోలేక అంత దూరం నడిచి వెళ్లిన మనిషి, ఎవరూ అడగని రోజున తనంతట తానే ఇచ్చేసి వచ్చింది. తిరుగు ప్రయాణంలో ఆమె కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. నేను మాత్రం మేలుకునే ఉన్నాను. కౌన్సిల్ అంటే ఎన్ని వార్డులు, ఎవరికి ఏ అధికారం అని ఇన్నేళ్లు చెప్పాను. భయపడుతున్న ఇద్దరు, ఒకప్పుడు ఒకే అరుగు మీద కూర్చోలేని ఇద్దరు, పక్కపక్క కుర్చీల్లో కూర్చోగలిగిన చోటు అది అని ఎప్పుడూ చెప్పలేదు. ఇకమీదట ముందు అదే చెప్తాను.

ఈ దారిలో వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. సోమవారం వేములవాడలో, మంగళ, శనివారాల్లో కొండగట్టులో బస్సుల్లో కాలు పెట్టే సందు ఉండదు. బుధవారమో గురువారమో పెట్టుకోండి, పెద్దవాళ్లకు కిటికీ పక్క సీటు దొరుకుతుంది.