జోజమ్మ టీచర్ కలిపిన సముద్రం

"పిల్లల్నిలా వారం వారం కలగాపులగం చేస్తుంటే మా హన్విక చదువు ఏమైపోవాలండీ?"

తల్లిదండ్రుల సమావేశంలో ప్రవల్లిక బెదురుగా అడిగింది. ఎమ్మెస్సీ చదివిన మనిషే అయినా, కూతురి విషయానికొచ్చేసరికి ఆమె ధైర్యం నీరుగారిపోతుంది. ఆగిరిపల్లి బడిలో ఐదో తరగతి టీచరు జోజమ్మ సోమవారం వస్తే చాలు, పిల్లల బల్లలు మార్చేస్తుంది. మామిడితోటల యజమానుల పిల్లల పక్కన కాయలు కోసే కూలీల పిల్లలు కూర్చుంటారు. ఈ వారం హన్విక వెనక బల్లకు వెళ్లింది. ర్యాంకుల ప్రకారం కూర్చోబెట్టకపోతే వేరే బడి చూసుకోమని కరస్పాండెంట్ పాండురంగారావు తల్లిదండ్రులందరి ముందే జోజమ్మకు చెప్పేశాడు.

జోజమ్మది మైలవరం. విశాఖపట్నంలో చదువుకున్న రోజుల్లో సముద్రం మీద పడ్డ మనసు మళ్లీ వెనక్కి రాలేదు. ఆమె గాజుతొట్టి తెచ్చి బల్ల మీద పెట్టింది. నీలం రంగు కలిపిన ఉప్పునీళ్లు అడుగున పోసి, గరిటె ఆనించి పైన మెల్లగా మంచినీళ్లు వదిలింది. రెండూ కలవకుండా విడివిడిగా నిలిచాయి.

"ఇది మన బంగాళాఖాతం. పైన గోదావరి, కృష్ణ తెచ్చిన తేలిక నీళ్లు మూతేసినట్టుంటాయి. ఎండంతా పైన, తిండంతా కింద. మామిడిచెట్టయితే వేళ్లు దింపి తెచ్చుకుంటుంది. నీళ్లలో తేలే ప్లాంక్టన్ మొక్కలకి వేళ్లెక్కడివి?"

"లేకపోతే చస్తాయి, మనకేంటి?" అన్నాడు పాండురంగారావు.

"అవి చస్తే చేపల్లేవు సార్. మీ ఆదివారం పులుసూ లేదు."

నవ్వులు ఆగకముందే ఆమె, మూడోనాడు ఆవకాయ తిరగేసినట్టు, గరిటె అడుగుదాకా దింపి కలిపింది. నీలం సుడులు తిరుగుతూ పైకి లేచింది. తుఫాను వెళ్లాక ఆ మొక్కలు పెరిగి సముద్రం పచ్చబడేది ఇందుకేనని, అల్లకల్లోలమే అక్కడ అన్నం వడ్డిస్తుందని చెప్పింది.

"నా తరగతినీ ఇలాగే కలుపుతాను. ర్యాంకుల వరస పెట్టను. తీసేస్తే తీసేయండి."

ప్రవల్లికకు పోయిన వారం గుర్తొచ్చింది. తొడిమ దగ్గర భుజాలు లేచిన మామిడికాయే ముదురు కాయని హన్విక చెప్పింది. పక్కన కూర్చున్న కూలీల పిల్ల లేయా నేర్పిందట. అప్పుడు దాన్ని తాను చదువనుకోలేదు.

ఆమె లేచి నిలబడింది. "మా హన్విక వెనక బల్ల మీదే ఉంటుందండీ. టీచర్‌గారిని పంపిస్తే మా పిల్లా ఆవిడతోనే వచ్చేస్తుంది."

ఇంకో ఇద్దరు తల్లులు లేచారు. పాండురంగారావు ఆ ర్యాంకుల మాట అక్కడితో వదిలేశాడు.

గేటు దగ్గర జోజమ్మ ప్రవల్లికతో అంది: "ఎన్నో ర్యాంకని అడక్కమ్మా. పక్కవాళ్లకి ఏం నేర్పావు, వాళ్ల దగ్గర ఏం నేర్చుకున్నావని అడుగు."

అప్పట్నుంచి ప్రవల్లిక రోజూ సాయంత్రం కూతురి బ్యాగు అందుకుంటూ అదే అడుగుతోంది.