రాని రోజు తారీఖు

ఆరేళ్లుగా నేను ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పదిమంది ముందు, పట్టపగలు, ఒక్క ఊపిరిలో చెప్పిన అబద్ధం. అందులో ఒక మంచం ఉంది. అప్పటికి నేను ఎన్నడూ చూడని ఆ మంచం, నేను చెప్పిన చోటనే నిజంగా ఉండటం నన్ను ఇన్నేళ్లుగా భయపెడుతోంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నల్లగొండలో డిగ్రీ చదివే రోజుల్లో వాదన పోటీల్లో నాకు పేరుండేది. పేదల వైద్యానికి పెట్టే ఖర్చుకు ప్రభుత్వం ప్రజల ముందు నిలబడి జవాబు చెప్పాలన్నది నాకు ఇష్టమైన వాదన. నమ్మే వాదించాను. ఎదుటివారి మాటలో ఆధారం ఎక్కడ బలహీనమో పట్టుకొని, సరిగ్గా అక్కడ ఒక ప్రశ్న వేయడం నేను నేర్చిన విద్య. చదువు ముగిశాక ఆ విద్యకు తగిన పనే దొరికింది: పల్లెల్లో వైద్య సేవలు నిజంగా అందుతున్నాయా అని తనిఖీ చేసే బృందంలో తాత్కాలిక ఉద్యోగం.

పద్ధతి ఇది. బీపీ, షుగర్ ఉన్నవాళ్ల ఇంటికి నర్సు నెలకోసారి వెళ్లి, చూసి, గోలీలు ఇచ్చి, తలుపు మీద సుద్దతో తేదీ వేయాలి. తర్వాత మేము వెళ్లి ఇంట్లోవాళ్లను అడిగి, నిజమని తేలితే ఆ తేదీ కింద సున్నా చుట్టి, మా కాగితంలో సంతకం చేయాలి. తేదీ, దాని కింద సున్నా ఉంటే మందులు చేరినట్టే, ప్రభుత్వ ఖర్చు సక్రమమైనట్టే. నేను చుట్టే సున్నా పైన కలవదు. బృందంలో అందరూ దానికి నవ్వేవారు.

రామన్నపేట దాటాక ఒక గుట్ట వెనక గొర్ల కాపర్ల వాడ ఉంది. ఏడు ఇళ్లు. ఒక మంగళవారం మధ్యాహ్నం గుట్ట ఎక్కి, పైన ఆగిపోయాను. కింద ఏడు తలుపులు, ఏడింటి మీదా తెల్లని గుర్తులు. మనిషి లేడు. కుక్క మొరగలేదు. మంద ఎక్కడా కనబడలేదు గాని మెడగంటల చప్పుడు వినిపిస్తూనే ఉంది, దగ్గరికి రాకుండా, దూరం పోకుండా. దిగబుద్ధి కాలేదు. భయమా? కాదు, ఎండ. ఎండ కూడా కాదు. ఆ సాయంత్రం నేను చదివిన కాలేజీలో జవాబుదారీతనం మీద నేను ప్రధాన వక్తను. బస్సు తప్పుతుందని నా తొందర. ఇన్ని కారణాలు ఎందుకు వెతుకుతున్నాను? దిగలేదు. బండ మీద కూర్చొని, ఏడు కాగితాల్లోనూ ‘ఇంటివారితో మాట్లాడితిని, సేవలు అందినవి’ అని రాసి సంతకం చేశాను. ఆ సాయంత్రం నా ప్రసంగానికి చప్పట్లు బాగా పడ్డాయి.

మూడు వారాలకు మండల కార్యాలయంలో బహిరంగ విచారణ జరిగింది. తనిఖీ చేసినవాళ్లం మేమూ అక్కడ ఉండాలి. ఎవరి ఫిర్యాదు వారు లేచి చెప్పుకోవచ్చు. అధికారి అక్కడికక్కడే తేల్చాలి. ఆ వాడ నుంచి లక్ష్మవ్వ అనే ముసలామె వచ్చింది. ఆమె భర్తకు అప్పటికే పక్షవాతంతో కాలూ చెయ్యీ మాటా పడిపోయాయి.

“సారూ, నాలుగు నెలలాయె మా ముసలాయనకు గోలీలు రాక. దర్వాజ మీద తారీఖులైతే పడ్తున్నయి. ఎవలు ఏస్తున్నరో, ఎప్పుడొస్తున్నరో కండ్లకు కనబడరు. ఆయన్ను ఇడిచిపెట్టి నేను దవాఖానకు రాలేను. ఇయ్యాల పక్కింటామెను కావలి పెట్టి వచ్చిన. జర ఇంటికి పంపియ్యుండ్రి.”

అధికారి నా కాగితం బయటికి తీశాడు. “ఈ అవ్వ ఇంట్ల మాట్లాడిన అని రాసినవు గదా?”

అందరూ నా వైపు చూశారు. ‘లేదు’ అన్న ఒక్క మాట చాలు. ఉద్యోగం పోయేది. అంతే కదా? కాని నేను లేచి, పోటీల్లో అలవాటైన గొంతుతో, ఆమెనే ప్రశ్నించాను.

“అవ్వా, నర్సు రాలేదంటున్నరు. ఏ రోజు రాలేదు? తారీఖు చెప్పండి.”

“రాని రోజుకు తారీఖేంది బిడ్డా?”

హాలంతా నవ్వింది. “గట్ల అడుగు అవ్వా! ఇగ చెప్పు సారూ!” అని వెనక నుంచి ఒకాయన అరిచాడు. నా చెవులు వేడెక్కాయి. ఆమె నవ్వలేదు.

“నువ్వొచ్చిన అంటున్నవు. మా ఇంట్ల ఏమున్నదో చెప్పు మరి.”

“తలుపు తీయగానే ఎడమ పక్క నులక మంచం. దాని మీద మీ ఆయన. కాళ్లు గుమ్మం వైపు.”

ఆ మాట నాకు ఎక్కడి నుంచి వచ్చింది? ఇప్పటికీ తెలియదు.

ఆమె ముఖంలో కోపం ఆరిపోయింది.

“అవు. మంచం గాడనే ఉంటది. కాళ్లు గట్లనే. నేను నీళ్లకు పోయినప్పుడు వచ్చినవో ఏమో. ఆయనకు నోరు లేకపాయె, ఎట్ల చెప్తడు?”

కూర్చుండిపోయింది. గోలీలు రాలేదని తెలిసిన ఒకే ఒక్క మనిషికి తన కళ్ల మీద తనకే అనుమానం పుట్టించాను. మరి ఆ ఇంట్లో నేను మాట్లాడింది ఎవరితోనని ఎవరూ అడగలేదు. ఫిర్యాదు కొట్టేశారు. అధికారి నా భుజం తట్టాడు.

ఆరు నెలల తర్వాత ఆ గుట్ట దిగాను. నిజం చెబుదామనే వెళ్లాను. కనీసం అలా అనుకున్నాను. ఆ ఇంటికి తాళం ఉంది.

“ముసలాయన పోయి మూడు నెలలాయె. అవ్వను బిడ్డ తీస్కపోయింది,” అన్నాడు గొర్లను తోలుకొస్తున్న ఒకాయన. “ఇంతకు నువ్వెవలు?”

నేను తలుపు చూస్తున్నాను. తేదీలు ఒకదాని కింద ఒకటి దిగుతున్నాయి. చివరి మూడు ఆయన చనిపోయాక వేసినవి. అన్నిటికన్నా కిందిది ఆ వారానిదే. ప్రతి తేదీ కిందా ఒక సున్నా. పైన కలవని సున్నా. నేను ఆ తలుపును అంతకు ముందు తాకలేదు. నా కాగితానికి సరిపోవాలని, వేరే ఊళ్లలో నా సున్నాలు చూసి ఎవరో దిద్దారు. అంతే అయి ఉండాలి. తలుపు సందులోంచి లోపలికి చూశాను. ఎడమ పక్క నులక మంచం. ఖాళీది. నులక మాత్రం ఒక మనిషి పొడవునా కుంగి ఉంది, కాళ్లు గుమ్మం వైపు.

ఉద్యోగం మానేశాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. గోలీలు అంది ఉంటే ఆయన బతికేవాడా? ఏమో. ఆ ‘ఏమో’ను ఆరేళ్లుగా నాకు అనుకూలంగా వాడుకుంటూ వచ్చాను, వాదనలో సందేహాన్ని మన పక్షానికి తిప్పుకున్నట్టు.

ఇప్పుడు భువనగిరిలో, కోట బండ కింద, కిరాయి గదిలో ఉంటున్నాను. పోయిన వారం ఒకరోజు గది దాటకుండా లోపలే ఉన్నాను. సాయంత్రం తలుపు తీస్తే, దాని మీద సుద్దతో ఆనాటి తేదీ. కింద సున్నా. పైన కలవలేదు. ఏదో సర్వే వాళ్లు వేసి ఉంటారు. తలుపు తట్టిన చప్పుడు మాత్రం వినలేదు. తుడవడానికి చెయ్యి రాలేదు. ఎవరో వచ్చారని నా తలుపు చెబుతోంది. ఎవరూ రాలేదని నేను ఎవరికి చెప్పను? ఎవరు నమ్ముతారు?

అందుకే ఇది రాస్తున్నాను. క్షమాపణ కోసం కాదు. అది ఇవ్వవలసిన ఇద్దరిలో ఒకరు లేరు, రెండోవారు ఎక్కడున్నారో నేను వెతకలేదు. చెప్పకుండా ఉండటం ఇక చేతకాదు కనుక రాస్తున్నాను. ఈ చివరి మాటల దగ్గరికి వచ్చేసరికి ఊపిరి కొంచెం ఆడుతోంది.

అవ్వా, రాని రోజుకు తారీఖు ఉంటుంది. అది రానివాడికి తెలుస్తుంది. ఆ మంగళవారం మధ్యాహ్నం నేను మీ ఇంటికి రాలేదు.